తలరాతకు కొత్త పేరు

1

ఈ మధ్య ఒక కథల పోటీకి వచ్చిన కథలను వడపోసే పని నా మీద పడింది. వాటిలో రెండు కథలు, ఆ రోజుల్లోనే చదివిన ఒక కవిత ఈ వ్యాసానికి కారణం. మూడూ మన దృక్పథం ఉన్నవాళ్లు రాసినవే. మూడింటిలోనూ పీడితుల పక్షాన నిలబడాలన్న తపన ఉంది. అయినా మూడూ దోషిని వదిలేశాయి, లేదా దోషం లేనివాళ్ల నెత్తిన దోషం పెట్టాయి. రాసినవాళ్లు కొత్తవాళ్లు, రాయగలిగినవాళ్లు. అందువల్ల పేర్లు చెప్పను, రచనల్లోని ధోరణి గురించే మాట్లాడతాను.

మొదటి కథలో మేనమామను పెళ్లాడిన ఒక అమ్మాయికి పుట్టు చెవిటి బిడ్డ పుడుతుంది. అత్తగారు రాచి రంపాన పెడుతుంది. భర్త రెండో పెళ్లికి సిద్ధపడతాడు. చివర్లో ఒక డాక్టరు వచ్చి, ఇది మ్యుటేషన్ అనీ, ఎవరి చేతుల్లోనూ లేనిదనీ చెబుతాడు. ఆ అమ్మాయి కళ్లు తుడుచుకుంటుంది. కథ అయిపోతుంది.

రెండో కథ నల్లగొండ ప్రాంతంలోని ఫ్లోరైడ్ నీళ్ల ఊరిది. వంకర కాళ్లు, వంగిన నడుములు తాత నుంచి తండ్రికి, తండ్రి నుంచి కొడుకుకు వచ్చాయనీ, ఆ ఊరి రక్తమే వంకరపోయిందనీ కథకుడు వాపోతాడు.

కవిత నల్లమలలో యురేనియం తవ్వకాల ప్రయత్నానికి వ్యతిరేకంగా రాసింది. 2019లో జరిగిన ఆ ఉద్యమంలో కవులూ రచయితలూ పాల్గొన్నారు, అది మన సంప్రదాయానికి తగిన పనే. కానీ ఈ కవి ఏడు తరాల వరకూ మూడు కళ్ల బిడ్డలు, తోకలున్న బిడ్డలు పుడతారని చిత్రించాడు.

విధి, కర్మ, తలరాత అనే మాటలను అభ్యుదయ సాహిత్యం ఎప్పుడో గెంటేసింది. అవి ఇప్పుడు జన్యువు, డి.ఎన్.ఏ., మ్యుటేషన్ అనే పేర్లతో దొడ్డిదారిన వస్తున్నాయి. ‘తిరుగుబాటు ఈ నేల డి.ఎన్.ఏ.లోనే ఉంది’ అని వేదికల మీద అంటున్నాం. ఆ మాట అనేవాడు ‘బానిసత్వం వాళ్ల డి.ఎన్.ఏ.లోనే ఉంది’ అనేవాడికి ఏమని బదులు చెబుతాడు? రెండూ ఒకే తర్కం కదా.

ఈ తర్కం మన భాషలో కొత్తది కాదు. పులి కడుపున పిల్లి పుడుతుందా అంటాం. విత్తొకటి వేస్తే చెట్టొకటి మొలుస్తుందా అంటాం. ఆవు చేలో మేస్తే దూడ గట్టున మేస్తుందా అంటాం. ఈ మూడో సామెతను నేను కూడా చాలా ఏళ్లు తరగతిలో వంశ గుణానికి ఉదాహరణగానే చెప్పాను. తర్వాత తట్టింది, అందులో రక్తం ప్రసక్తే లేదని. దూడ తల్లి వెంట నడుస్తుంది, తల్లి మేసిన చోట మేస్తుంది. అది నేర్చుకోవడం, పుట్టుక కాదు. పల్లె మనిషి గమనించి చెప్పిన మాటను చదువుకున్న మనం రక్తానికి ముడిపెట్టాం.

2

జీవుల్లో జన్యు మార్పు ఎలా వస్తుందో, ఏం చేస్తుందో స్థూలంగానైనా తెలియకుండా ఈ చర్చ ముందుకు సాగదు. పాఠ్యపుస్తకాల్లో దీన్ని ఉత్పరివర్తనం అంటారు. సాహిత్య విద్యార్థులకు ఇది అర్థం కావడానికి గ్రంథ పరిష్కరణ పాఠం చాలు.

తాటాకుల మీద గంటంతో ఒక ప్రతి చూసి మరో ప్రతి ఎత్తి రాసేటప్పుడు లేఖకుడు ఎక్కడో ఒక అక్షరం తప్పుతాడు. ఆ ప్రతి నుంచి ఎత్తి రాసిన ప్రతులన్నింటిలోకీ ఆ తప్పు పాకుతుంది. వేమన పద్యాలను 1829లో అచ్చువేయించిన బ్రౌను కాలం నుంచి నేటి పరిష్కర్తల దాకా అందరూ తలమునకలైంది ఈ పాఠభేదాలతోనే. ఒకే తప్పు పంచుకున్న ప్రతులు ఒకే మాతృక నుంచి వచ్చాయని పరిష్కర్త పోల్చుకుంటాడు. జీవశాస్త్రజ్ఞుడు జీవుల బంధుత్వాన్ని పోల్చుకునే పద్ధతి కూడా దాదాపు ఇదే.

మన కణాల్లోని డి.ఎన్.ఏ. నాలుగే అక్షరాలతో రాసిన పొడవాటి గ్రంథం. తల్లి నుంచి ఒక ప్రతి, తండ్రి నుంచి ఒక ప్రతి వస్తాయి. ఒక్కో ప్రతిలో సుమారు 300 కోట్ల అక్షరాలు. కణం విడిపోయే ప్రతిసారీ ఈ గ్రంథమంతా ఎత్తి రాయాలి. కణంలో తప్పులు దిద్దే ఏర్పాటు ఉంది, అయినా కొన్ని మిగులుతాయి. ప్రతి బిడ్డలోనూ తల్లిదండ్రుల్లో లేని కొత్త మార్పులు సుమారు 60, 70 ఉంటాయి. అంటే ఇది వింత కాదు, శాపం కాదు. ఈ వ్యాసం చదువుతున్న మీలో, రాస్తున్న నాలో ఉన్నదే.

ఎత్తి రాయడంలో దొర్లే తప్పు ఒక కారణం. బయటి నుంచి వచ్చే దెబ్బ రెండో కారణం. ఎక్స్‌రే కిరణాలు జన్యువులను మారుస్తాయని 1927లో హెర్మన్ ముల్లర్ పండ్ల ఈగల మీద నిరూపించాడు. యుద్ధాల్లో వాడే మస్టర్డ్ వాయువు కూడా ఆ పని చేస్తుందని రెండో ప్రపంచ యుద్ధ కాలంలో ఎడింబరోలో షార్లట్ ఆవర్‌బాక్, జె.ఎం. రాబ్సన్ కనుక్కున్నారు. ఆవర్‌బాక్ బెర్లిన్‌లో బడిపంతులమ్మ. యూదురాలన్న కారణంతో 1933లో నాజీలు ఉద్యోగం తీసేస్తే దేశం వదిలింది. ఎండలోని అతినీలలోహిత కిరణాలు, పొగాకు పొగ, బూజుపట్టిన వేరుశనగ కాయల్లో చేరే అఫ్లాటాక్సిన్ విషం, ఇవన్నీ ఈ జాబితాలోవే.

పోలిక ఇక్కడితో ఆగాలి. లేఖకుడు ఒక్కోసారి అర్థం ఊహించుకుని, కావాలని పాఠం మారుస్తాడు. కణానికి అలాంటి ఉద్దేశం లేదు. అవసరం వచ్చింది కాబట్టి, జీవి కోరుకుంది కాబట్టి మార్పు రాదు. 1943లో లూరియా, డెల్‌బ్రుక్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు బాక్టీరియాల మీద చేసిన ప్రయోగంలో ఇది తేలింది. వైరస్‌ను తట్టుకునే మార్పు ఆ వైరస్ ఎదురుకాక ముందే, యాదృచ్ఛికంగా, కొన్ని బాక్టీరియాల్లో వచ్చి ఉంది. వైరస్ వచ్చాక అవే మిగిలాయి. మార్పు పుట్టడం యాదృచ్ఛికం. అది నిలవడం, పోవడం పరిసరాలను బట్టి.

ఫలితాల మాట. చాలా మార్పులు ఏమీ చేయవు. కొన్ని హాని చేస్తాయి. బహు కొన్ని మేలు చేస్తాయి. ఏది హాని, ఏది మేలు అన్నది కూడా స్థిరం కాదు. సికిల్‌సెల్ రక్తహీనత చూడండి. రక్తంలోని హిమోగ్లోబిన్ తయారీ పాఠంలో ఒక్క అక్షరం మారుతుంది. ఆ ఒక్క అక్షరంతో ప్రోటీన్‌లో ఒక్క అణుభాగం మారుతుందని 1950ల్లో వెర్నన్ ఇన్‌గ్రామ్ చూపాడు. తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు ప్రతులూ మారినవే వస్తే ఎర్రకణాలు కొడవళ్లలా వంగుతాయి, నొప్పులు, రక్తహీనత, అకాల మరణం. ఒక్క ప్రతి మాత్రమే మారినదైతే ఆ మనిషిని మలేరియా అంతగా బాధించదని 1954లో ఆంథొనీ ఆలిసన్ ఆఫ్రికాలో గమనించాడు. దోమలూ అడవులూ ఉన్న చోట్ల ఆ మార్పు నిలిచింది. మన ఏజెన్సీ ప్రాంతాల గిరిజనుల్లో ఈ జబ్బు ఉండటానికి మూలం ఇదే. వాళ్ల రక్తం తక్కువదని కాదు, వాళ్ల పూర్వీకులు మలేరియాను తట్టుకుని బతికారని దాని అర్థం. దీని నిర్మూలనకు కేంద్ర ప్రభుత్వం జాతీయ కార్యక్రమం ప్రారంభించింది 2023లో. అంటే శాస్త్రానికి విషయం తెలిసిన 70 ఏళ్ల తర్వాత. జన్యువు యాదృచ్ఛికం కావచ్చు, ఈ 70 ఏళ్లు యాదృచ్ఛికం కాదు. రచయిత పని ఇక్కడే మొదలవుతుంది.

ఇంకొక్క విభజన గుర్తుపెట్టుకుంటే తక్కినదంతా సులువు. ఒకటి, అండంలోనో వీర్యకణంలోనో ఉన్న మార్పు. ఇదొక్కటే పిల్లలకు సంక్రమిస్తుంది. రెండు, చర్మం, ఊపిరితిత్తులు, ఎముక మూలుగ వంటి చోట్ల వచ్చే మార్పు. ఇది కాన్సరు కావచ్చు, మనిషిని చంపవచ్చు, కానీ ఆ మనిషితోనే పోతుంది. మూడు, జన్యువును తాకకుండానే గర్భంలోని శిశువునో పెరిగే బిడ్డనో దెబ్బతీసేవి. ఆకలి, కలుషితమైన నీళ్లు, గర్భవతికి సోకిన రుబెల్లా వంటి జబ్బులు. ఈ మూడింటినీ ‘రక్తం’ అనే ఒక్క గంపలో వేయడమే నేను చెప్పబోయే తప్పులన్నింటికీ మూలం.

3

ఈ గంపను ఆధునిక నవలకు ఎత్తినవాడు ఎమిల్ జోలా. రూగోన్, మకార్ కుటుంబాల మీద 1871 నుంచి 1893 దాకా 20 నవలలు రాసి, వంశపారంపర్యం మనుషుల్ని ఎలా నడిపిస్తుందో ప్రయోగశాలలో లాగా చూపిస్తానన్నాడు. అతని కాలానికి మెండెల్ పరిశోధన అచ్చయి ఉంది కానీ 1900 దాకా దాన్ని పట్టించుకున్నవాళ్లు లేరు. అందువల్ల తెలియకపోవడం జోలా తప్పు కాదు. ఆ సిద్ధాంతం అతని కళకు ఏం చేసిందన్నదే మన ప్రశ్న.

‘జెర్మినల్’ (1885) మనందరికీ ఇష్టమైన నవల. బొగ్గు గని కార్మికుల సమ్మెను అంత బలంగా చిత్రించిన నవలలు కొద్ది. అందులో ముసలి బొన్‌మోర్ దగ్గితే నల్లటి కఫం పడుతుంది. అది 50 ఏళ్లు గనిలో పీల్చిన బొగ్గు. కాతరిన్ అనే పిల్ల తిండిలేక, చాకిరీతో, ఈడు వచ్చినా పుష్పవతి కాదు. ఇవి చదివినప్పుడు ఎవరిని నిలదీయాలో పాఠకుడికి వేరే చెప్పక్కర్లేదు. కానీ అదే నవలలో ఎతియెన్ అనే కథానాయకుడికి తాగుబోతు పూర్వీకుల నుంచి చంపాలనే కాంక్ష రక్తంలో వచ్చిందని జోలా పదే పదే గుర్తుచేస్తాడు. వరదకు మునిగిన గనిలో ఎతియెన్, కాతరిన్, షవాల్ చిక్కుపడతారు. తిండి లేదు, వెలుతురు లేదు, ఇద్దరు మగవాళ్ల మధ్య పాత పగ, ఎదురుగా ఆ పిల్ల. ఎతియెన్ బండరాయి పెళ్లగించి షవాల్‌ను చంపుతాడు. సరిగ్గా అప్పుడు జోలా ఆ వంశ విషాన్ని ముందుకు తెస్తాడు.

ఆ వాక్యాలు తీసేసి చదవండి. సన్నివేశానికి ఏ లోటూ రాదు, ఇంకా బలపడుతుంది. ఆ హత్యకు కావలసిన కారణాలన్నీ గనిలోనే ఉన్నాయి. రక్తాన్ని పిలవడం వల్ల గని యజమాని బాధ్యతలో కొంత భాగం ఎతియెన్ తాతముత్తాతల మీదికి పోయింది.

ఎంగెల్స్ 1888లో రాసిన ఒక లేఖలో బాల్జాక్‌ను జోలా కన్నా పెద్ద వాస్తవికవాదిగా నిలబెట్టాడు. బాల్జాక్ తన రాజకీయ అభిమానాలకు వ్యతిరేకంగా నిజాన్ని చూడగలిగాడన్నది అక్కడి వాదన. మన విమర్శకులు ఈ లేఖను తరచుగా ఉదహరిస్తారు. అదే గీటురాయిని జోలాకు పెట్టి చూడాలని నా సూచన. ‘జెర్మినల్’ నిలిచింది వంశ సిద్ధాంతం వల్ల కాదు, ఆ సిద్ధాంతాన్ని పక్కకు నెట్టి అతని కన్ను గనిని చూసినందువల్ల.

4

ఇక నల్లమల కవిత. కవి ఉద్దేశంతో నాకు పేచీ లేదు. అడవినీ చెంచుల బతుకునూ నీళ్లనూ కాపాడుకోవడానికి చేసిన పోరాటం న్యాయమైనది. పేచీ ఆ మూడు కళ్ల బిడ్డలతో.

రేడియేషన్ జన్యువులను మారుస్తుంది, నిజమే. ఈగల్లో, ఎలుకల్లో అది తర్వాతి తరానికి పోతుందని ప్రయోగాల్లో తేలింది. అయితే హిరోషిమా, నాగసాకిలలో బతికి బయటపడినవాళ్లకు బాంబు తర్వాత కడుపున పడిన పిల్లల సంగతి వేరుగా పరిశోధించారు. 1948 నుంచి 1954 దాకా 70 వేలకు పైగా కాన్పులను పరిశీలించారు. పుట్టుకతో వచ్చే లోపాలు తక్కిన పిల్లల్లో కన్నా చెప్పుకోదగినంత ఎక్కువగా కనిపించలేదు. ఆ తర్వాత దశాబ్దాల పాటు సాగిన అధ్యయనాలూ అంతే చెప్పాయి. అలాగని బాంబు హాని తక్కువని కాదు. బాంబు పడినప్పుడు గర్భంలో ఉన్న శిశువులు చిన్న తలలతో, బుద్ధిమాంద్యంతో పుట్టారు. బతికినవాళ్లలో కొన్నేళ్లకే రక్త కాన్సరు పెరిగింది, తర్వాత ఇతర కాన్సర్లు. అంటే దెబ్బ తగిలింది బతికి ఉన్న శరీరాలకు, గర్భంలోని శరీరాలకు.

ఈ తేడా శాస్త్రజ్ఞుల సూక్ష్మం మాత్రమే అనుకునేవాళ్లు మసుజి ఇబుసే రాసిన ‘నల్ల వాన’ చదవాలి. 1965, 66లలో ధారావాహికగా వచ్చిన జపాన్ నవల ఇది. ఇందులో షిగెమత్సు అనే మనిషి మేనకోడలు యసుకోకు పెళ్లి సంబంధాలు చూస్తుంటాడు. ఆ పిల్ల హిరోషిమాలో ఉందని, రేడియేషన్ జబ్బు ఉందని ఊళ్లో పుకారు. సంబంధాలు తప్పిపోతుంటాయి. పుకారు అబద్ధమని నిరూపించడానికి మామయ్య ఆ పిల్ల డైరీని కూర్చుని ఎత్తి రాస్తాడు. చివరికి పిల్ల నిజంగానే జబ్బు పడుతుంది. ఇబుసే ఎక్కడా గొంతు పెంచడు. వింత శిశువులను చూపించడు. ఒక పెళ్లి సంబంధం తప్పిపోవడం ద్వారా బాంబు ఎంత దూరం వస్తుందో చూపిస్తాడు.

జపాన్‌లో బాంబు బాధితులూ వాళ్ల బిడ్డలూ పెళ్లి విషయంలో నిజంగానే వివక్షకు గురయ్యారు. ఆ బిడ్డల పట్ల భయం పెంచింది యుద్ధం కోరేవాళ్లు మాత్రమే కాదు, యుద్ధాన్ని ద్వేషించి ఏడు తరాల శాపం పాడినవాళ్లు కూడా. మన కవి కూడా తెలియకుండా ఆ పనే చేశాడు. రేపు ఏ యురేనియం గని పక్క ఊరి పిల్లకో సంబంధం తప్పిపోతే అందులో ఆ కవిత వాటా ఎంత? గని వల్ల నీళ్లకు ఏమవుతుంది, అందులో పనిచేసేవాడి ఊపిరితిత్తులకు ఏమవుతుంది అన్నది రాస్తే చాలు. అదే తగినంత భయంకరంగా ఉంది.

5

ఇంతవరకూ ఇతరుల తప్పులు చెప్పాను. మన ఇంటి తప్పు చెప్పకపోతే ఈ వ్యాసానికి నిజాయితీ ఉండదు.

జన్యువే విధి అన్నవాళ్లు ఒక వైపు ఉంటే, జన్యువే లేదన్నవాళ్లు మన వైపు ఉన్నారు. సోవియట్ యూనియన్‌లో లైసెంకో, పరిసరాలు మార్చితే మొక్కల వంశ లక్షణాలు మనం కోరినట్టు మారతాయన్నాడు. మెండెల్ శాస్త్రం బూర్జువా శాస్త్రమన్నాడు. వినడానికి అది విప్లవాత్మకంగా ఉంది. దాన్ని ఒప్పుకోని నికొలాయ్ వవిలోవ్‌ను, ప్రపంచమంతా తిరిగి పంట విత్తనాలు సేకరించిన మహాశాస్త్రజ్ఞుణ్ణి, 1940లో అరెస్టు చేశారు. 1943 జనవరిలో ఆయన సరాతోవ్ జైల్లో చనిపోయాడు. మన సంఘం తెనాలిలో తొలి మహాసభ జరుపుకున్నది ఆ మరుసటి నెలలోనే. ఆ సభలో ఉన్నవాళ్లకు ఈ సంగతి తెలిసే అవకాశం లేదు. కానీ మనకు తెలుసు. సోషలిజం మీద నమ్మకంతో 1933లో సోవియట్ దేశానికి వెళ్లిన ముల్లర్ 1937లో అక్కడి నుంచి వెళ్లిపోవలసి వచ్చింది. 1948 ఆగస్టులో వ్యవసాయ అకాడమీ సమావేశంలో జన్యుశాస్త్రాన్ని అధికారికంగా వెలివేశారు. లైసెంకో పెత్తనం 1964లో కృశ్చేవ్ పతనంతో గానీ కూలలేదు.

ఈ చరిత్రను సోవియట్ సాహిత్యమే నిలదీసింది. వ్లదీమిర్ దుదింత్సెవ్ నవల ‘తెల్లని వస్త్రాలు’ 1987లో అచ్చయింది, 1988లో ప్రభుత్వ బహుమతి పొందింది. అందులో రియాద్నో అనే అకాడమీ పెద్ద, లైసెంకో అచ్చులో పోతపోసిన మనిషి, ఒక సంస్థలో దాగిన జన్యుశాస్త్రజ్ఞులను పట్టుకోమని దేజ్కిన్‌ను పంపిస్తాడు. దేజ్కిన్ అక్కడ స్త్రిగల్యోవ్ రహస్యంగా చేస్తున్న బంగాళాదుంపల ప్రయోగాలు చూస్తాడు. కొల్చిసిన్ అనే రసాయనంతో క్రోమోజోములను రెట్టింపు చేసి కొత్త రకం తయారుచేస్తున్నాడు. దేజ్కిన్ మనసు మారుతుంది. మొక్క అబద్ధం చెప్పదు, పార్టీ తీర్మానానికి లొంగదు. నవల బలం అంతా ఆ ఒక్క అనుభవంలో ఉంది. దోషాలు లేవని కాదు. మంచివాళ్లు మరీ మంచివాళ్లు, గూఢచర్యం కథ అవసరానికి మించి సాగుతుంది. అయినా తనకు అనుకూలమైన నమ్మకాన్ని వస్తువు ముందు వదులుకునే మనిషి చిత్రణ మనకు పాఠం.

అదే సంవత్సరం దనీల్ గ్రానిన్ ‘జూబ్ర్’ వచ్చింది. రేడియేషన్ వల్ల జన్యువులు ఎలా మారతాయో పరిశోధించిన తిమొఫేయెవ్ రెసోవ్‌స్కీ జీవితం అది. ఈ రెండు రచనలూ మన పత్రికల్లో చర్చకు రావలసినంతగా రాలేదు.

మన శిబిరంలో ఇంకో మార్గమూ ఉండేది. జె.బి.ఎస్. హాల్డేన్ కమ్యూనిస్టు, జన్యుశాస్త్రజ్ఞుడు కూడా. లైసెంకో విషయంలో కొంతకాలం తటపటాయించాడు, 1950 ప్రాంతాల పార్టీకి దూరమయ్యాడు. కానీ తన గణితాన్ని ఏ తీర్మానానికీ తాకట్టు పెట్టలేదు. 1957లో మన దేశానికి వచ్చి 1964లో భువనేశ్వర్‌లో కన్నుమూశాడు. హీమోఫీలియా అనే రక్తస్రావ వ్యాధిలో జన్యు మార్పు ఎంత తరచుగా వస్తుందో 1935లోనే లెక్కగట్టాడు. 1947లో ఇంకొకటి చూపాడు. ఆ మార్పులు తల్లుల్లో కన్నా తండ్రుల్లోనే ఎక్కువ పుడుతున్నాయని. తర్వాతి పరిశోధనలు దీన్ని బలపరిచాయి. బిడ్డలో కనిపించే కొత్త మార్పుల్లో ఎక్కువ భాగం తండ్రివి. తండ్రి వయసు పెరిగేకొద్దీ అవి పెరుగుతాయి, ఎందుకంటే వీర్యకణాల కోసం మగవాడి శరీరంలో ఎత్తి రాసే పని జీవితమంతా సాగుతూనే ఉంటుంది.

6

ఇప్పుడు ఆ రెండు కథల దగ్గరికి తిరిగి వెళదాం.

ఫ్లోరైడ్ కథ. ఆ ఊళ్లో తాతకూ తండ్రికీ కొడుకుకూ ఎముకలు వంగింది ఒకే రక్తం వల్ల కాదు, ఒకే బావి నీళ్ల వల్ల. రాతి పొరల్లోంచి నీళ్లలోకి ఫ్లోరైడ్ చేరుతుంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన నీళ్లు ఏళ్ల తరబడి తాగితే పళ్లు గారకడతాయి, ఎముకలు, కీళ్లు బిగుసుకుపోతాయి. ఇందులో ఉత్పరివర్తనం లేదు. ఆ ఊరి బిడ్డను పసితనంలోనే మంచినీళ్లున్న ఊళ్లో పెంచితే నిటారుగా పెరుగుతాడు. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్ తీసే పద్ధతికి ‘నల్లగొండ పద్ధతి’ అనే పేరు ప్రపంచమంతా స్థిరపడింది. మందుకు ఊరి పేరు పెట్టాక కూడా ఊళ్లకు మంచినీళ్లు రావడానికి దశాబ్దాలు పట్టింది. ఇది కథ. కానీ మన కథకుడు రక్తం వంకర అన్నాడు. నీళ్లకు జవాబు చెప్పవలసినవాళ్లు ఉన్నారు, రక్తానికి ఎవరూ లేరు. ఒక్క మాటతో వాళ్లందరికీ క్లీన్ చిట్ ఇచ్చాడు.

మేనరికం కథ ఇంకా బాధపెట్టింది, ఎందుకంటే రచయిత్రి చేతిలో గొప్ప కథ ఉండి జారిపోయింది.

పుట్టు చెవుడుకు కారణాలు అనేకం. గర్భిణిగా ఉన్నప్పుడు రుబెల్లా సోకినా రావచ్చు. ఈ కథలో డాక్టరు జన్యు కారణమే అన్నాడు కాబట్టి అదే అనుకుందాం. ఇలాంటి చెవుడు ఎక్కువగా ఎలా వస్తుందంటే, మనలో ప్రతి జన్యువుకూ రెండు ప్రతులుంటాయి. ఒకటి పాడైనా రెండోది పని నడిపిస్తుంది, మనిషికి ఏమీ తెలియదు. తల్లీ తండ్రీ ఇద్దరూ అలాంటి పాడైన ప్రతి ఒక్కొక్కటి మోస్తుంటే, ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక పాలు రెండూ పాడైనవే బిడ్డకు చేరవచ్చు. దూరపు సంబంధాల్లో ఇద్దరూ ఒకే తప్పును మోయడం అరుదు. ఒకే ఇంటివాళ్లయితే ఒకే మాతృక నుంచి ఇద్దరికీ వచ్చి ఉండవచ్చు. మేనరికం చేసుకున్నవాళ్లలో ఎక్కువమందికి ఆరోగ్యవంతులైన పిల్లలే పుడతారు, అది కూడా చెప్పాలి. కానీ ప్రమాదం పెరుగుతుంది.

ఈ కథలో ఆ అమ్మాయి పెళ్లాడింది తల్లి తమ్ముణ్ణి. అంటే అత్తగారు ఎవరు? ఆ అమ్మాయికి సొంత అమ్మమ్మ. కథలో ఆ ముసలమ్మ ‘మీ అయ్య వైపు రక్తమే ఇంత’ అని కోడలిని సాధిస్తుంది. కానీ బిడ్డకు చేరిన రెండు ప్రతుల్లో ఒకటి ఆమె కొడుకుది. ఆ కొడుక్కి అది తన తల్లి నుంచో తండ్రి నుంచో వచ్చి ఉండాలి. కోడలిలోని ప్రతి కూడా, ఆమె తల్లి ద్వారా, ఆ ఇంటి నుంచే వచ్చి ఉండటానికే ఎక్కువ అవకాశం. ముసలమ్మ తిడుతున్నది తన ఇంటి రక్తాన్నే, తను పంచిపెట్టినదాన్నే. ఆస్తి గడప దాటకూడదని కుదిర్చిన సంబంధంలో ఆస్తితోపాటు ఇంకేదో కూడా గడప దాటకుండా ఉండిపోయింది. మేనరికానికీ పొలం గట్లకూ ఉన్న ముడి మన కథల్లో కొత్తది కాదు. దానికి ఈ ముడి కలిస్తే కథ ఎంత ఎత్తుకు లేచేది!

దీనికి బదులు డాక్టరు వచ్చి ఎవరి చేతుల్లోనూ లేదన్నాడు. మార్పు పుట్టడం ఎవరి చేతుల్లోనూ లేదు, నిజం. పెళ్లి కుదర్చడం చేతుల్లో ఉంది. భర్త రెండో పెళ్లి మానుకోవడం చేతుల్లో ఉంది, పైగా ఆ పాడైన ప్రతి అతనిలోనూ ఉంది. బిడ్డకు సకాలంలో వినికిడి యంత్రమో, సైగల భాషో, బడో అందించడం ఇంటివాళ్ల చేతుల్లో, సర్కారు చేతుల్లో ఉంది. డాక్టరు మాటతో కోడలు ఏడుపు ఆపింది, ఎవరూ ఏమీ మార్చుకోనక్కర లేకపోయింది. పాత కథల్లో ఈ పని స్వామీజీ చేసేవాడు.

7

కొందరు మిత్రులు రెండు అభ్యంతరాలు చెబుతారని నాకు తెలుసు.

ఒకటి, కవికి శాస్త్రంతో పనేమిటి, అది ప్రతీక కదా అని. ప్రతీకకు స్వేచ్ఛ ఉంది. కానీ ఎవరి శరీరాన్ని ప్రతీకగా వాడుకుంటున్నామో ఆ మనిషి ఉన్నాడు. చెవిటి బిడ్డ, వంగిన మోకాళ్ల మనిషి, కొడవలి కణాలతో నొప్పిపడే గిరిజన పిల్ల మన కవిత చదవకపోవచ్చు, దాని ఫలితం మాత్రం వాళ్లకు చేరుతుంది.

రెండు, యాదృచ్ఛికతను ఒప్పుకుంటే మనిషి చేయగలిగిందేమీ లేదని ఒప్పుకున్నట్టేనని. ఇది లైసెంకో భయం. ఫినైల్‌కీటోన్యూరియా అనే జబ్బు దీనికి జవాబు. ఒక జన్యువు పనిచేయక ఆహారంలోని ఒక పదార్థం బిడ్డ మెదడును దెబ్బతీస్తుంది. 1950ల్లో ఆ పదార్థం తగ్గించిన ఆహారంతో చికిత్స మొదలైంది. మడమ నుంచి ఒక్క బొట్టు రక్తం తీసి పుట్టిన కొద్ది రోజుల్లోనే జబ్బును గుర్తించే పరీక్ష 1960ల్లో వచ్చింది. జన్యువు మారలేదు, అలాగే ఉంది. బిడ్డ మాత్రం మామూలుగా చదువుకుంటోంది. అదే జన్యువుతో, ఆ పరీక్ష లేని ఊళ్లో పుట్టిన బిడ్డ బుద్ధిమాంద్యంతో మిగిలిపోతుంది. ఆ ఇద్దరి మధ్య తేడా రక్తంలో లేదు, ఆస్పత్రిలో ఉంది.

అందువల్ల శరీరంలోని లోపాన్ని కథలోకి తెచ్చేటప్పుడు మూడు ప్రశ్నలు వేసుకోమని కొత్త రచయితలను కోరుతున్నాను. ఇది తల్లిదండ్రుల నుంచి వచ్చిందా, ఈ శరీరానికే తగిలిందా, జన్యువును తాకకుండా నీళ్లో గాలో ఆకలో చేసిందా? దీన్ని ఆపడమో తగ్గించడమో ఎవరికి సాధ్యమై ఉండేది? కథ చివర వాళ్లు తప్పించుకుపోతున్నారా?

మేనరికం కథకు నేను బహుమతి సిఫారసు చేయలేదు. కానీ ఆ రచయిత్రికి ఒక ఉత్తరం రాశాను. కథ ముగింపు గురించి కాదు. మీ కథలోని అత్తగారు ఆ అమ్మాయికి ఏమవుతుందో ఒకసారి వేళ్ల మీద లెక్కపెట్టుకోండని మాత్రమే రాశాను. మళ్లీ రాస్తున్నానని జవాబు వచ్చింది.